కాలిఫోర్నియాలో డిజిటల్ భూపటాల రుసుము వివాదం

ప్రజల సొమ్ముతో తయారైన భూపటాల కంప్యూటర్ ఫైళ్లను అడిగినవారికి కాపీ ఖర్చుకే ఇవ్వాలా, సరుకులా ధర కట్టి అమ్ముకోవచ్చా అన్న ప్రశ్న మీద అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో 1988 నుంచి 2013 దాకా నలిగిన వివాదం ఇది. ఇందులో ప్రధానంగా వినిపించే పేర్లు రెండు: శాంటా క్లారా కౌంటీ, ఆరెంజ్ కౌంటీ. కౌంటీ అంటే ఇంచుమించు మన జిల్లా. శాన్ హోసే, సనీవేల్, కూపర్టినో వంటి ఊళ్లున్న శాంటా క్లారాలో తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలోనే స్థిరపడ్డాయి కాబట్టి, కోర్టుకెక్కిన ఆ ఫైల్లో మనవాళ్ల ఇళ్ల హద్దులు కూడా ఉన్నాయి.

ఆ ఫైల్లో ఏముంటుంది

కౌంటీలో పన్ను విలువ కట్టే అధికారిని అసెసర్ అంటారు. కౌంటీలో ఉన్న ప్రతి స్థలానికీ ఆ కార్యాలయం ఒక నంబరు ఇస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో రీసర్వే అయిన ఊళ్లలో రైతులు ఇప్పుడు ఎల్‌పీ నంబరు అంటున్నారే, దానికి దగ్గరి చుట్టం. ఆ నంబరును విడదీసి చదివితే పాత కాగితాల జాడ కనిపిస్తుంది: మొదటి అంకెలు అసెసర్ పటాల పుస్తకం సంఖ్య, తర్వాతవి అందులో పుట సంఖ్య, చివరివి ఆ పుటలో స్థలం వరస. పుస్తకాలు పోయి తెరలు వచ్చినా నంబరు మాత్రం పుస్తకాన్ని వదల్లేదు.

ఈ కాగితపు పటాలన్నిటినీ భూమి మీది అసలు కొలతలకు సరిపోయేలా కంప్యూటర్లోకి ఎక్కించి, ఒక్కో స్థలానికి చిరునామా, నంబరు, యజమాని వివరాలకు దారి జతచేస్తే తయారయ్యేదే జీఐఎస్ మూలపటం. దీన్ని బొమ్మ అనుకుంటే పొరపాటు. పార్కును ఆనుకొని ఉన్న ఖాళీ స్థలాలెన్ని, వాగుకు వంద మీటర్ల లోపు ఇళ్లెన్ని అని అడిగితే జవాబు చెబుతుంది. అదే పటాన్ని పీడీఎఫ్‌గా ఇస్తే మాత్రం బొమ్మే మిగులుతుంది. లెక్కల పుస్తకానికి ఫొటో తీసి ఇచ్చి, కూడికలు మీరే చేసుకోండి అన్నట్టు ఉంటుంది. రుసుము గొడవంతా ఈ తేడా మీదే నడిచింది.

కౌంటీలకు డబ్బు యావ ఎందుకు పుట్టింది

కాలిఫోర్నియా ప్రజా రికార్డుల చట్టం 1968 నాటిది. రొనాల్డ్ రీగన్ గవర్నరుగా ఉండగా సంతకం చేశాడు. రికార్డు కాపీకి దాన్ని తీసి ఇవ్వడానికయ్యే నేరు ఖర్చే తీసుకోవాలన్నది అందులో మూలసూత్రం. రికార్డును తయారుచేయడానికైన ఖర్చు ఆ లెక్కలోకి రాదు. మన సమాచార హక్కు చట్టం కింద కేంద్ర నిబంధనలు పేజీకి 2 రూపాయలు, ఫ్లాపీకి 50 రూపాయలు అని పెట్టింది కూడా ఇలాంటి లెక్కతోనే.

అయితే 1978లో ఓటర్లు ఆమోదించిన 13వ ప్రతిపాదన ఆస్తి పన్నును మదింపు విలువలో 1 శాతానికి కట్టడి చేసింది. ఆ విలువ కూడా ఏటా 2 శాతానికి మించి పెరగకూడదంది. స్థానిక సంస్థల ప్రధాన ఆదాయానికే గండి పడింది. సరిగ్గా ఆ తర్వాతి ఏళ్లలోనే పటాలను కంప్యూటరీకరించే ఖరీదైన పని నెత్తిన పడింది. పెట్టిన డబ్బు ఎక్కడో ఒకచోట రాబట్టుకోవాలన్న ఆలోచన రావడంలో వింతేమీ లేదు. కౌంటీలను దురాశాపరులుగా చూపే కథనాలు ఈ సంగతిని తరచు దాటేస్తాయి.

1988 నాటి మూడు మాటలు

1988లో చట్టానికి ఒక సెక్షన్ చేరింది. ప్రభుత్వ సంస్థ సొంతంగా తయారుచేసుకున్న కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ ప్రజా రికార్డు కాదు, దాన్ని అమ్ముకోవచ్చు, లైసెన్సుకు ఇవ్వొచ్చు అని దాని సారం. సాఫ్ట్‌వేర్ అంటే ఏమిటో చెబుతూ ‘కంప్యూటర్ మ్యాపింగ్ సిస్టమ్స్’ అనే మాటలనూ అందులో చేర్చారు. ఈ సవరణ కోసం చొరవ తీసుకున్నది శాన్ హోసే నగరం. సొంత ఖర్చుతో రాయించుకున్న ప్రోగ్రాములను ఇతరులు ఊరికే పట్టుకుపోతారన్నది దాని బెంగ. సమాచారం కంప్యూటర్లో ఉన్నంత మాత్రాన దాని రికార్డు హోదా పోదని కూడా అదే సెక్షన్ చెప్పింది.

మ్యాపింగ్ సిస్టమ్ అంటే పటం గీసే ప్రోగ్రామా, గీసిన పటంలోని సమాచారం కూడానా? చట్టం విడమరచి చెప్పలేదు. ఆ సందులోంచే పాతికేళ్ల పాటు రుసుములు నడిచాయి.

2000లో వచ్చిన మరో సవరణ, రికార్డు ఏ ఎలక్ట్రానిక్ రూపంలో ఉందో ఆ రూపంలోనే అడిగినవారికి ఇవ్వాలంది. 2004 నవంబరులో ఓటర్లు 59వ ప్రతిపాదనను గెలిపించి, సమాచారం పొందే హక్కును రాష్ట్ర రాజ్యాంగంలోకే ఎక్కించారు. ఆ హక్కును విస్తరించే నిబంధనలను విశాలంగా, కుదించేవాటిని ఇరుకుగా అర్థం చేసుకోవాలన్న షరతు దానితోనే వచ్చింది. 2005లో రాష్ట్ర అటార్నీ జనరల్, అసెసర్ దగ్గరున్న స్థలాల హద్దుల డిజిటల్ సమాచారం ప్రజా రికార్డేనని అభిప్రాయం చెప్పాడు. కోర్టులు కట్టుబడాల్సిన అభిప్రాయం కాకపోయినా, ధరలు దించిన కౌంటీలున్నాయి. దించనివీ ఉన్నాయి.

శాంటా క్లారా

2006 జూన్‌లో కాలిఫోర్నియా ఫస్ట్ అమెండ్‌మెంట్ కోయలిషన్ అనే లాభాపేక్ష లేని సంస్థ శాంటా క్లారా మూలపటాన్ని అడిగింది. కౌంటీ కట్టిన ధర ప్రకారం మొత్తం పటం కావాలంటే లక్ష డాలర్లు దాటుతుంది. కాపీ చేయడానికయ్యేది కొద్ది డాలర్లు. కౌంటీ నిరాకరించింది, సంస్థ కోర్టుకెళ్లింది, 2007 మేలో కింది కోర్టు సంస్థ పక్షాన తీర్పిచ్చింది.

ఓడిపోయాక కౌంటీ వేసిన ఎత్తు ఆసక్తికరమైనది. మూలపటాన్ని కేంద్ర హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖకు సమర్పించి, కీలక మౌలిక వసతుల సమాచారంగా ముద్ర వేయించుకుంది. శాన్‌ఫ్రాన్సిస్కోకు నీళ్లు తెచ్చే హెచ్ హెచ్చీ వ్యవస్థ గొట్టాలు ఎక్కడున్నాయో ఈ పటం చెబుతుంది, ఉగ్రవాదుల చేతిలో పడితే ప్రమాదం అని వాదించింది. అప్పీలు కోర్టు 2009 ఫిబ్రవరిలో దీన్ని తోసిపుచ్చింది. కేంద్ర చట్టం ఇచ్చే రక్షణ ఆ సమాచారాన్ని పుచ్చుకున్నవారికే తప్ప సమర్పించినవారికి వర్తించదంది. పైగా అదే పటాన్ని కౌంటీ అప్పటికే 18 మంది కొనుగోలుదారులకు అమ్మి ఉంది. డబ్బు కట్టినవారికి లేని భద్రతా భయం కట్టనివారికి ఎలా వచ్చిందన్న ప్రశ్నకు దాని దగ్గర గట్టి జవాబు లేకపోయింది. కాపీరైటు పేరుతో వాడకం మీద షరతులు పెట్టడమూ కుదరదని కోర్టు తేల్చింది.

కాపీరైటు విషయంలో అన్ని రాష్ట్రాలదీ ఒకే దారి కాదు. న్యూయార్క్‌లోని సఫోక్ కౌంటీ పన్ను పటాల కేసులో 2001లో కేంద్ర అప్పీలు కోర్టు, ఆ రాష్ట్ర సమాచార చట్టం కౌంటీ కాపీరైటును రద్దు చేయదంది. కేంద్ర ప్రభుత్వ రచనలకు మాత్రం అమెరికా చట్టం కాపీరైటే ఇవ్వదు. అందుకే 1990 జనాభా లెక్కల కోసం తయారైన టైగర్ రోడ్ల పటాలను ఎవరైనా వాడుకోగలిగారు.

ఆరెంజ్ కౌంటీ

శాంటా క్లారా తీర్పు భద్రత, కాపీరైటు వాదాలను ముగించిందే గాని 1988 నాటి మూడు మాటల జోలికి పోలేదు. ఆ పని ఆరెంజ్ కౌంటీ కేసుకు మిగిలింది.

పర్యావరణ సంస్థ సియెర్రా క్లబ్ 2007లో ఓసీ ల్యాండ్‌బేస్ అనే ఫైలు అడిగింది. 6,40,000కు పైగా స్థలాల సమాచారం అందులో ఉంది. తయారీకి ఐదేళ్లు, దాదాపు 35 లక్షల డాలర్లు పట్టాయి. కౌంటీ రెండు దారులు చూపింది: మూల పత్రాల పీడీఎఫ్‌లు కావాలంటే కాపీ ఖర్చుకు, జీఐఎస్ రూపంలో కావాలంటే 3,75,000 డాలర్ల లైసెన్సుకు. అంటే సమాచారం దాచడం లేదు, ఉపయోగపడే రూపానికే ధర. 2009లో కేసు పడింది. కింది కోర్టులోనూ అప్పీలు కోర్టులోనూ కౌంటీయే గెలిచింది.

2013 జులై 8న రాష్ట్ర సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ తీర్పులను తిరగేసింది. తీర్పు రాసినది న్యాయమూర్తి గుడ్విన్ లియూ. 1988లో చట్టసభ ఆ మాటలను ఏ అర్థంలో వాడిందో వెతికితే రెండు అర్థాలకూ ఆధారాలు దొరికాయి. తేలనిచోట 59వ ప్రతిపాదన చెప్పినట్టు మినహాయింపును ఇరుకుగానే చదవాలని కోర్టు నిర్ణయించింది. పటం నడిపే సాఫ్ట్‌వేర్‌కు మినహాయింపు ఉంది, పటంలోని డేటాబేస్‌కు లేదు. శాన్ హోసే 1988లో కోరుకున్నదీ ఇంతేనేమోననిపిస్తుంది.

తర్వాత

డేటాను ప్రత్యేకంగా వెలికి తీయాల్సి వస్తేనో, ప్రోగ్రామ్ రాయాల్సి వస్తేనో ఆ ఖర్చు అడిగినవారే భరించాలన్న 2000 నాటి సవరణలోని నియమం మాత్రం నిలిచింది. రుసుముల తగాదా అక్కడికి మళ్లింది. పోలీసుల కెమెరా వీడియోల్లో గోప్యమైన భాగాలను కత్తిరించిన ఖర్చు కూడా వెలికితీతేనని హేవర్డ్ నగరం వసూలు చేస్తే, 2020లో రాష్ట్ర సుప్రీంకోర్టు కుదరదంది.

శాంటా క్లారా స్థలాల పటాన్ని ఇప్పుడు కౌంటీ వెబ్‌సైటు నుంచి ఉచితంగా దించుకోవచ్చు. 2023 జనవరి 1 నుంచి ప్రజా రికార్డుల చట్టం సెక్షన్లన్నీ కొత్త నంబర్లతో అమల్లోకి వచ్చాయి. కంప్యూటర్ మ్యాపింగ్ సిస్టమ్స్ అన్న మాటలు 7922.585 సెక్షన్‌లోకి ఒక్క అక్షరం మారకుండా వచ్చి కూర్చున్నాయి.