మన నెత్తుటి చరిత్ర – 14: మరి చంపిందెవరు?



పోయిన భాగంలో కారంచేడు గురించి రాశాను. అది చదివి మా జిల్లా కుర్రాడొకడు ఫోన్ చేశాడు. లా చదువుతున్నాడు. "అన్నా, తర్వాత చుండూరు రాస్తానన్నారు కదా. ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దు. చుండూరు కేసులో హైకోర్టు అందర్నీ వదిలేసింది. మరి మనం ఇంకా న్యాయం, న్యాయం అని ఏ నోటితో అడుగుతాం?"

ముందు కోపం వచ్చింది. వెంటనే ఒక మాట అనబోయి ఆగాను. ఎందుకంటే వాడు అడిగిన ప్రశ్న పదేళ్ళుగా చాలామంది మనసులో ఉంది. మనవాళ్ళలో కూడా ఉంది. పైకి అడగరు, అంతే. అందుకే ఈ భాగం వాడికి రాస్తున్న జవాబు అనుకోండి.

ముందు జరిగింది చెప్పాలి. ఇప్పటి పిల్లలకు చుండూరు అంటే తెనాలి దాటాక వచ్చే ఒక రైల్వే స్టేషను మాత్రమే.

1991 జూలై మొదటి వారం. ఊళ్ళో సినిమా హాల్లో డిగ్రీ చదివిన ఒక దళిత కుర్రాడి కాలు ముందు సీట్లో కూర్చున్న పెద్దకులం అబ్బాయికి తగిలింది. కాలు తగలడం, అంతే. ఆ కాలు వెనక ఉన్నది వేరే సంగతి. చుండూరు మాలపల్లెలో చదువుకున్నవాళ్ళున్నారు, రైల్వేలో ఉద్యోగాలు చేసేవాళ్ళున్నారు. రెడ్ల పొలంలో కూలికి వెళ్తేనే పొయ్యి వెలిగే పరిస్థితి అందరికీ లేదు. తల ఎత్తి నడిచే పల్లె అది. అదీ నచ్చనిది. గొడవ పెరిగింది. పల్లెని సాంఘికంగా బహిష్కరించారు. పనులు ఆపేశారు. నెల రోజులు ఊరు ఉడికింది. 144 సెక్షన్ పెట్టారు, పోలీసు పికెట్ పెట్టారు.

ఆగస్టు 6. పల్లె మీదికి వస్తున్నారు, పారిపొండి అని పోలీసులే చెప్పారని బాధితులు మొదటినుంచీ చెబుతున్నారు. మగవాళ్ళు పొలాలకు అడ్డంపడి పరిగెత్తారు. పొలాల్లో అప్పటికే కాపు కాసి ఉన్నారు. గొడ్డళ్ళు, ఇనప రాడ్లు. ఎనిమిది మందిని నరికారు. శవాలను గోనె సంచుల్లో కుక్కి తుంగభద్ర డ్రెయిన్లో, కాలవలో పడేశారు. అప్పుడు రాష్ట్రంలో నేదురుమల్లి జనార్దనరెడ్డి ముఖ్యమంత్రి. ఆ తర్వాత, న్యాయం కోసం జరుగుతున్న ఉద్యమంలో పోలీసు కాల్పులకు మరో దళిత యువకుడు పోయాడు.

ఆ శవాలను ఊరి బయట ఎక్కడో పూడ్చలేదు. పట్టుబట్టి ఊరి నడిబొడ్డునే పూడ్చారు. ఆ చోటు పేరు రక్తక్షేత్రం. ప్రతి ఆగస్టు 6న మనం పోయి నిలబడేది అక్కడే.

నాకప్పుడు పన్నెండేళ్ళు. మాది చుండూరుకి కొన్ని స్టేషన్ల అవతల. మా నాన్న రైల్వే గ్యాంగ్‌మన్. డ్యూటీ నుంచి వచ్చి అన్నం ముందు కూర్చుని, ముద్ద కలపకుండా అలాగే ఉన్నాడు. అమ్మ ఎంత అడిగినా పలకలేదు. చివరికి నావైపు చూసి, "రేపట్నించీ సినిమాకి పోతే కాళ్ళు ముడుచుకుని కూర్చోరా" అన్నాడు. చుండూరు గురించి నేను విన్న మొదటి మాట అది.

ఇక కేసు సంగతి.

1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1990 జనవరిలో అమల్లోకి వచ్చింది. ఆ చట్టం కింద మన రాష్ట్రంలో వచ్చిన మొదటి పెద్ద పరీక్ష చుండూరు. కోర్టుకు పోవాలంటే ప్రాణభయం కాబట్టి, కోర్టే మా ఊరికి రావాలని బాధితులు అడిగారు. కత్తి పద్మారావు, బొజ్జా తారకం లాంటి నాయకులు, దళిత మహాసభ, పల్లెలో ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడారు. చివరికి నేరం జరిగిన ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. విచారణ మొదలయ్యేసరికి 2004 చివర. అంటే పదమూడేళ్ళు. ప్రభుత్వం తరపున పౌరహక్కుల లాయరు బి. చంద్రశేఖర్ వాదించారు.

2007 జూలై 31న తీర్పు వచ్చింది. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి: 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు, 123 మంది విడుదల. చార్జిషీటులో 219 పేర్లుంటే, చనిపోయినవాళ్ళు పోగా, తీర్పు రోజుకు మిగిలింది ఈ 179 మందే.

ఆ రోజు మనవాళ్ళలో కొందరు ఏడ్చారు, ఉరిశిక్ష ఎవరికీ పడలేదని. నేనూ తిట్టాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆ లెక్కలో వేరే విషయం కనబడుతుంది. 179 మందిలో 123 మందిని వదిలిన కోర్టు గుడ్డిగా శిక్షలు వేసిన కోర్టు కాదు. ఆ జడ్జి సాక్షుల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని విన్నారు. నేరం జరిగిన ఊళ్ళోనే కూర్చుని విన్నారు. ఎవరి మీద సాక్ష్యం నిలిచింది, ఎవరి మీద నిలవలేదు అని ఏరారు.

ఏడేళ్ళ తర్వాత, 2014 ఏప్రిల్ 22న ఉమ్మడి హైకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ శిక్షలన్నీ కొట్టేసింది. ఒక్కరికీ మిగల్లేదు. ఎవరు ఏ సమయంలో చనిపోయారు, ఏ చోట చనిపోయారు, ఎవరి చేతిలో చనిపోయారు అన్నది ప్రాసిక్యూషన్ సందేహానికి తావు లేకుండా రుజువు చేయలేదన్నది తీర్పు సారాంశం.

నేను అప్పుడు హైదరాబాదులో ఉన్నాను. సాయంత్రం నాన్న ఫోన్ చేశాడు. "కొట్టేశారంటగా?" అన్నాడు. అవున్నాన్నా అన్నాను. కాసేపు మాట్లాడలేదు. "మరి చంపిందెవరంట?" అన్నాడు.

ఆ రోజుల్లో టీ బంకుల్లో, బస్సుల్లో, టీవీ చర్చల్లో మూడు రకాల మాటలు విన్నాను. మొదటిది: "చూశారా, అమాయకుల్ని ఇన్నాళ్ళు ఇరికించారు." రెండోది మనవాళ్ళ మాట: "కోర్టులన్నీ వాళ్ళవే, సాక్ష్యాలతో పనేముంది." మూడోది పెద్దమనుషుల మాట: "ఇరవై మూడేళ్ళయింది, ఊళ్ళో అందరూ కలిసి ఉంటున్నారు, మళ్ళీ ఎందుకు కెలకడం?"

మూడో మాటకు జవాబు తేలిక. రక్తక్షేత్రంలో పడుకున్నవాళ్ళ ఇళ్ళవాళ్ళు కెలకొద్దంటే అప్పుడు చూద్దాం. వాళ్ళు అనలేదు. సుప్రీంకోర్టుకు అప్పీలుకు పోయారు.

మొదటి మాట అనేవాళ్ళకు చట్టం తెలియదు, లేదా తెలిసీ తెలియనట్టు ఉంటారు. శిక్ష కొట్టేయడమంటే రుజువు చాల్లేదని. హత్య జరగలేదని కాదు. ఎనిమిది మంది తమంతట తాము గోనె సంచుల్లో దూరి డ్రెయిన్లో పడలేదు.

రుజువు ఎందుకు చాల్లేదో కూడా చూడండి. శవాలు నీళ్ళలో నానితే చచ్చిన గంట ఏ డాక్టరూ కచ్చితంగా చెప్పలేడు. అసలు నీళ్ళలో పడేసేదే అందుకు. ప్రాణం అరచేతిలో పెట్టుకుని చేలకు అడ్డంపడి పరిగెత్తేవాడు గడియారం చూసుకుంటాడా? ఏ గట్టు మీద ఎవర్ని నరికారో కొలతలు వేసుకుంటాడా? ఫిర్యాదు ఆలస్యమైందంటారు. కాపాడాల్సిన పోలీసులే పారిపొమ్మన్నారని చెబుతున్నవాళ్ళు ఎవరి దగ్గరికి పరిగెత్తుకెళ్ళి ఫిర్యాదు ఇవ్వాలి? ఒకడు ఒకణ్ణి చంపిన కేసుకు తయారుచేసిన కొలబద్ద, వందలమంది కలిసి ఒక పల్లెను వేటాడిన కేసుకు పెడితే ఇలాగే ఉంటుంది. గుంపు దాడుల్లో సాక్ష్యాన్ని ఎలా తూచాలో సుప్రీంకోర్టు 1964లోనే చెప్పింది. ఒక్కో నిందితుడి గురించి ఇద్దరు ముగ్గురు సాక్షులు నిలకడగా చెబితే నమ్మవచ్చంది. ఎవరి దెబ్బకు ఎవరు చచ్చారో విడివిడిగా చూపలేకపోయినా, ఒకే ఉద్దేశంతో కూడిన గుంపులో ఉన్నవాళ్ళందరికీ బాధ్యత ఉంటుందని పాత శిక్షాస్మృతి 149 సెక్షన్ చెబుతుంది.

ఇక రెండో మాట. ఇక్కడ నా తప్పు నేను ఒప్పుకోవాలి. 2014లో నేను కూడా మీటింగుల్లో అదే అరిచాను. "రుజువులు, సందేహాలు మాకొద్దు, శిక్ష కావాలి" అన్నాను. చప్పట్లు బాగానే పడ్డాయి. మీటింగు అయ్యాక మా లాయరు ఒకాయన, పెద్దాయన, పక్కకు పిలిచి, "సందేహం మనకొద్దని ఎప్పుడూ అనకు బాబూ. జైళ్ళలో ఎక్కువమంది ఎవరి పిల్లలనుకున్నావ్?" అన్నాడు. ఆ రోజు అర్థం కాలేదు. మూడేళ్ళకు అర్థమైంది.

విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం హాస్టల్లో 2007 డిసెంబరులో ఒక ఫార్మసీ విద్యార్థినిని చంపారు. 2008లో పోలీసులు ఒక పేద దళిత కుర్రాణ్ణి పట్టుకొచ్చి వీడే అన్నారు. 2010లో శిక్ష పడింది. ఆ అమ్మాయి తల్లి మాత్రం మొదటినుంచీ, మా అమ్మాయిని చంపింది ఈ అబ్బాయి కాదు అని చెబుతూనే ఉంది. కుర్రాడు జైల్లో నరాల జబ్బుతో కాళ్ళు చచ్చుబడి మంచాన పడ్డాడు. 2017 మార్చి 31న హైకోర్టు శిక్ష కొట్టేసి, లక్ష రూపాయల పరిహారం ఇమ్మంది. ఎనిమిదేళ్ళ జైలుకు లక్ష. ఆ రోజు వాణ్ణి బయటికి తెచ్చింది ఏది? సందేహం. చుండూరులో మనల్ని దెబ్బతీసిందనుకున్న ఆ సందేహమే.

కాబట్టి మిత్రులారా, చట్టంలో ఉన్న సందేహం మన శత్రువు కాదు. నిందితుల్లో ఒక్కడైనా ఆ రోజు ఇంట్లోనే ఉండి ఉంటే, వాడు జైల్లో ఉండటం మన పల్లెకు న్యాయం కాదు. ఈ మాట అనడం నాకు తేలిక కాదు, కానీ అనాలి.

మరి తేడా ఎక్కడ? ఇక్కడే నాన్న ప్రశ్న దగ్గరికి వస్తున్నాను.

విజయవాడ కేసులో శిక్ష కొట్టేసిన తర్వాత రాష్ట్రమంతా ఒకటే అడిగింది, "మరి చంపిందెవరు?" అని. 2018లో హైకోర్టు సీబీఐ దర్యాప్తుకు ఆదేశించింది. 2019 డిసెంబరులో తెనాలిలో సమాధి తవ్వి అస్థికలు పరీక్షకు తీశారు. ఆ దర్యాప్తు బాగోగులు వేరే సంగతి. కనీసం ప్రశ్న అడిగారు.

చుండూరులో ఎనిమిది మంది. శిక్షలన్నీ కొట్టేశాక ఏ ప్రభుత్వం ఆ ప్రశ్న అడిగింది? దర్యాప్తు పాడుచేసిన అధికారి ఎవరని ఎవరు వెతికారు? పికెట్లో ఉన్న పోలీసుల్ని ఎవరు నిలదీశారు? అత్యాచారాల చట్టం 4వ సెక్షన్ ప్రకారం విధి మరిచిన అధికారికి జైలు ఉంది. ఎవరి మీద పెట్టారు?

ఇంకో సంగతి వినండి. హైకోర్టు తీర్పుకు మూడున్నర నెలల ముందు, 2014 జనవరి 7న, గుజరాత్‌కు చెందిన ఒక హత్య కేసులో సుప్రీంకోర్టు రుజువు చాలక నిందితుడి విడుదలను సమర్థిస్తూ, అన్ని రాష్ట్రాలకూ ఒక ఆదేశం ఇచ్చింది. కేసు కొట్టేసిన ప్రతిసారీ పోలీసు, ప్రాసిక్యూషన్ పెద్దలతో ఉన్న కమిటీ కూర్చుని ఎందుకు పోయిందో చూడాలి, తప్పు చేసిన అధికారి మీద చర్య తీసుకోవాలి, ఈ ఏర్పాటు ఆరు నెలల్లో చేయాలి అంది. అంటే "మరి ఎందుకిలా అయింది?" అని అడగడం దయ కాదు, ప్రభుత్వం విధి. చుండూరుకు ఆ విధి వర్తించదా?

ఇది ఒక్క మన ఊరి కథ కాదు. తమిళనాడు కీళ్‌వెణ్మణిలో 1968 డిసెంబరు 25న 44 మందిని గుడిసెలో తగలబెట్టారు. కింది కోర్టు శిక్ష వేస్తే, మద్రాసు హైకోర్టు కొట్టేసింది. కార్లున్న పెద్ద భూస్వాములు స్వయంగా నడిచి వచ్చి ఇలాంటి పని చేస్తారా అని సందేహపడింది. బీహారు బథానీ టోలాలో 21 మంది. 2012లో కొట్టేశారు. లక్ష్మణ్‌పూర్ బాథేలో 58 మంది. 2013లో కొట్టేశారు. 2014లో చుండూరు. వరుసగా మూడేళ్ళు, మూడు తీర్పులు. 87 శవాలు, హంతకులు మాత్రం లేరు.

అలాగని అన్నీ అయిపోయాయని కూర్చోకండి. పోయిన భాగంలో రాశాను, కారంచేడు కేసు కూడా 1998లో హైకోర్టులో పోయింది. 2008లో సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనపెట్టి ఒకరికి యావజ్జీవం, మరికొందరికి మూడేళ్ళు వేసింది. 23 ఏళ్ళు పట్టినా తీర్పు మీద తీర్పు వచ్చింది. 2015లో చట్టం సవరించి బాధితులకు, సాక్షులకు రక్షణ హక్కులు రాశారు. అప్పీళ్ళు వీలైనంతవరకు మూడు నెలల్లో తేల్చాలన్నారు. చుండూరు పల్లె రోడ్ల మీద కూర్చోకపోతే, ఊళ్ళో కోర్టు అడక్కపోతే, ఈ మాటలు చట్టంలోకి వచ్చేవి కావు.

తమ్ముడూ, ఇదీ నీకు జవాబు. ఫలానావాడే చంపాడని నేను తీర్పు చెప్పను, నేను కోర్టును కాను. కానీ ఎనిమిది మంది హత్య జరిగింది. చంపినవాళ్ళున్నారు. వాళ్ళెవరో చెప్పాల్సిన బాకీ ఈ ప్రభుత్వానికి ఉంది. కొట్టివేతతో ఆ బాకీ తీరలేదు, పెరిగింది. రేపు నువ్వు నల్లకోటు వేసుకున్నాక ఆ బాకీ కాగితం నీ చేతికే వస్తుంది. సందేహాన్ని తిట్టకు. దాన్ని సరిగ్గా అడగడం నేర్చుకో.

మా నాన్న 2019లో పోయాడు. ఆయన అడిగినదానికి నేను జవాబు చెప్పలేకపోయాను. మొన్న నా కూతురు హైదరాబాదులో మాల్‌కి సినిమాకి తీసుకెళ్ళింది. సగం సినిమా అయ్యాక, "నాన్నా, ముందు అంత ఖాళీ ఉంటే కాళ్ళెందుకు అలా ముడుచుకుని కూర్చున్నావ్?" అంది. అప్పుడు చూసుకున్నాను. దానికి చెప్పాలి. ఆగస్టు 6న రక్తక్షేత్రానికి తీసుకెళ్ళి, అక్కడ చెబుతాను.

వచ్చే భాగం: లక్ష్మణ్‌పూర్ బాథే.

జై భీమ్.