జీలకర్ర ప్రయాణం – ఢిల్లీ అంగడి సాక్ష్యం

తెలుగువారి వివాహంలో సుముహూర్తానికి గుర్తు జీలకర్ర, బెల్లం. అడ్డుతెరకు ఇరువైపులా కూర్చున్న వధూవరులు, నూరిన ఆ ముద్దను ఒకరి శిరస్సుపై మరొకరు ఉంచిన క్షణమే పెండ్లి జరిగిన క్షణమని పెద్దలు భావిస్తారు. బెల్లం మన చెరకు తోటల ఫలం. జీలకర్ర మాత్రం తెలుగునాట చెప్పుకోదగినంతగా పండదు. ఇంతటి ఆత్మీయమైన ఆచారానికి ఆధారమైన గింజ తరతరాలుగా అంగడి నుండే, అనగా వర్తకుని మీది నమ్మకంతోనే, మన ఇంటికి వస్తున్నది. ఆ నమ్మకం వెనుక ఉన్న సుదీర్ఘ వాణిజ్య చరిత్రను పరిశీలించడానికి పాత ఢిల్లీలోని ఖారీ బావలీ సుగంధద్రవ్యాల విపణి తగిన స్థలం.

జీలకర్ర జన్మస్థానం తూర్పు మధ్యధరా తీరం, పశ్చిమాసియా ప్రాంతమని వృక్షశాస్త్రజ్ఞుల సామాన్యాభిప్రాయం. గ్రీసు దేశంలో లభించిన మైసీనియన్ కాలపు మట్టి పలకల మీద, అంటే 3 వేల సంవత్సరాలకు పూర్వమే, దీని పేరు లిఖితమై ఉన్నది. అక్కాడియన్ భాషలోని ‘కమూను’, అరబ్బీ ‘కమ్మూన్’, గ్రీకు ‘కుమినోన్’ ఒకే మాటకు రూపాంతరాలు. గింజతోపాటు పేరు కూడా ఓడలెక్కి ప్రయాణించినదన్నమాట. పరమ లోభిని గ్రీకులు ‘జీలకర్ర గింజను చీల్చేవాడు’ అనేవారు. అరిస్టాటిల్ తన నీతిశాస్త్ర గ్రంథంలో ఈ మాటను ప్రస్తావించాడు. భారతదేశంలో ఇది ‘జీరకం’ అయినది. జీర్ణం చేసేది అని పెద్దలు చెప్పే అర్థం. చరక, సుశ్రుత సంహితలు దీనిని ఔషధంగా పేర్కొన్నవి. మన ‘జీలకర్ర’ ఆ శబ్దానికి సంబంధించినదే.

మొగలుల కాలం నాటికి ఉత్తరాదిన జీలకర్ర రాజాస్థానపు వంటశాలలో నిత్యావసర వస్తువు. అబుల్ ఫజల్ రచించిన ‘ఐనీ అక్బరీ’లోని వంటకాల వివరాలలో జీలకర్ర తూకంతో సహా కనిపిస్తుంది. ఆ రోజులలో ఢిల్లీకి వాయవ్యపు దారి ప్రధానమైనది. కాబూలు నుండి ఖైబర్ కనుమ మీదుగా సాగిన బిడారులు ఎండు ఫలాలను, ఇంగువను, కొండలలో పెరిగే షాజీరాను దిగువ మైదానాలకు చేర్చేవి. ఇరాన్‌లోని కెర్మాన్ నగరం షాజీరా జాతికి ఎంతటి ప్రసిద్ధి పొందినదంటే, అనవసరమైన శ్రమను పారశీకులు ‘కెర్మానుకు జీరా మోసుకుపోవడం’ అంటారు.

ఈ సరకుకు ఢిల్లీలో నిలయమైనది ఖారీ బావలీ. ‘ఖారీ బావలీ’ అంటే ఉప్పునీటి దిగుడుబావి. ఆ బావి నేడు లేదు, పేరు మాత్రం మిగిలినది. షాజహాన్ భార్య ఫతేపురీ బేగం 1650లో చాందినీ చౌక్ పశ్చిమపు కొసన కట్టించిన మసీదు పక్కనే ఈ విపణి విస్తరించినది. 1920 దశకంలో నిర్మితమైన గడోదియా మార్కెట్ మెట్లపై నేటికీ కూలీలు బస్తాలు మోస్తూనే ఉంటారు. మిరప, పసుపు ఘాటుకు అక్కడ బాటసారులు దగ్గుతూ నడవడం నిత్యదృశ్యం.

జీలకర్ర వాణిజ్యాన్ని మలుపు తిప్పినది రైలు మార్గం. 1873లో ఢిల్లీ నుండి రేవాడికి మీటర్ గేజి దారి పడినది. 1881 నాటికి అది అజ్మీర్, పాలన్‌పూర్, మెహసానాల మీదుగా అహ్మదాబాదుతో కలిసినది. ఆ దారిలోనిదే ఊంఝా. పొడి వాతావరణం, చల్లని శీతకాలం గల ఉత్తర గుజరాత్, పశ్చిమ రాజస్థాన్ నేలలు జీలకర్రకు అనుకూలమైనవి. ఆ ప్రాంతానికి నడుమనున్న ఊంఝా నేడు దేశంలోకెల్లా పెద్ద జీలకర్ర మార్కెట్టు. ఆ విధంగా ఢిల్లీకి వాయవ్యపు దారికి తోడు నైరుతి దారి కూడా ఏర్పడినది.

క్రమంగా చరిత్ర తిరగబడినది. పడమటి నుండి వచ్చిన పంట భారతదేశం నుండి విదేశాలకు పోసాగినది. ప్రపంచంలో జీలకర్రను అత్యధికంగా పండించేది, తినేది, ఎగుమతి చేసేది నేడు మన దేశమే. మన పంట ఫిబ్రవరి, ఏప్రిల్ మాసాల నడుమ అంగడికి వస్తుంది. సిరియా, తుర్కీల పంట వచ్చేది వేసవి నడుమ. కనుక అక్కడి కోతల సమాచారం ఇక్కడి ధరను శాసిస్తుంది. 2011లో సిరియాలో మొదలైన అంతర్యుద్ధం వల్ల ఆ దేశపు సరఫరా సన్నగిల్లగా, కొనుగోలుదారులు మన వైపు మళ్ళినారు. 2023లో మన దేశపు పంట తగ్గి, చైనా కొనుగోళ్ళు పెరిగి, జూలై నాటికి వాయిదా విపణిలో క్వింటాలు ధర 60 వేల రూపాయలు దాటినది. మరుసటి ఏడు విస్తారంగా పండగా ధర పడిపోయినది. ఎక్కడో జరిగిన యుద్ధం, ఎక్కడో కురిసిన అకాల వర్షం తెలుగు ఇల్లాలి పోపుల పెట్టె వరకు రావడం విశేషం.

ధర పెరిగిన చోట మోసం కూడా పొంచి ఉంటుంది. 2019 నవంబరులో ఢిల్లీ శివారు బవానాలో పోలీసులు ఒక నకిలీ జీలకర్ర కర్మాగారాన్ని పట్టుకున్నారు. చీపురు గడ్డి గింజలకు బెల్లపు పాకం, రాతిపొడి పట్టించి అక్కడ జీలకర్రగా తయారు చేసేవారు. పెండ్లి పీటల మీద జీలకర్రకు జతయైన బెల్లమే ఇక్కడ మోసానికి సాధనం కావడం విచారకరం. నీటిలో వేస్తే అటువంటి గింజ రంగు విడిచి కరిగిపోతుంది, నిజమైన జీలకర్ర నిలుస్తుంది. అరచేతిలో నలిపి, వాసన చూసి సరకును ఎంచే వర్తకుని అనుభవం ఇటువంటప్పుడే అక్కరకు వస్తుంది.

ముప్పై శతాబ్దాలుగా ఎన్నో చేతులు మారిన ఈ గింజను వధూవరులు మొదటిసారి ఒకరికొకరు అర్పించుకుంటారు. అందులో రైతు శ్రమ, బిడారుల నడక, అంగడి మాట ఇమిడి ఉన్నవి. అంగడి మాట నిజాయితీగా నిలిచినంత కాలమే ఆ అర్పణ సార్థకం.