మరో చరిత్ర: మన మూడూళ్ళ లెక్క

"మరో చరిత్ర" గురించి ఎవరు రాసినా ఒకే అంకెతో మొదలుపెడతారు. మద్రాసు మౌంట్ రోడ్డులోని సఫైర్ థియేటర్లో 596 రోజులు. నేనూ అక్కడ్నుంచే మొదలుపెడతాను గానీ, నా ఆసక్తి ఆ అంకె మీద కాదు. డబ్బింగ్ చెయ్యకుండా, తెలుగు సినిమాని తెలుగులోనే, తమిళులు టికెట్ కొనుక్కుని ఏడాదిన్నర పైన చూశారు. బెంగుళూరు కల్పన థియేటర్లో కూడా ఏడాది దాటి ఆడింది. సినిమా విడుదలైంది 1978 మే 19న. దానికి సరిగ్గా పాతికేళ్ళ ముందు, 1953లో, మద్రాసు మాదంటే మాదని తెలుగువాళ్ళు, తమిళులు కొట్టుకునే దాకా వెళ్ళారు. అదే ఊళ్ళో పాతికేళ్ళకి ఒక తమిళ అబ్బాయి, తెలుగు అమ్మాయి ప్రేమించుకునే తెలుగు సినిమాకి హౌస్‌ఫుల్ బోర్డులు! పైగా నిర్మాత అరంగణ్ణల్ డీఎంకే నాయకుడు. చరిత్రకి ఇట్లాంటి జోకులు వెయ్యడం బాగానే వచ్చు :)

సరే, మద్రాసు సంగతి అందరికీ తెలిసిందే. మద్రాసుకీ బెంగుళూరుకీ మధ్యలో మావి కొన్ని ఊళ్ళున్నాయి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం. అక్కడి జనం ఈ సినిమాని ఎట్లా తీసుకున్నారో ఎక్కడా ఎవరూ రాసినట్టు లేదు. మా చుట్టాలు ఆ మూడూళ్ళలోనూ ఉన్నారు. ఒకే సినిమా గురించి ముగ్గురూ మూడు రకాలుగా చెప్తారు. అవి విన్నాకే ఇది రాయాలనిపించింది.

ముందు కొంచెం భూగోళం. ఈ చిత్తూరు జిల్లా అనేది 1911లో అతుకులేసి కుట్టిన జిల్లా. మదనపల్లె, వాయల్పాడు కడప జిల్లా నుంచి వచ్చాయి, మిగతాది చాలావరకు ఉత్తర ఆర్కాటు నుంచి. 1960లో మళ్ళీ సరిహద్దు మారింది, తిరుత్తణి అటు పోయింది, సత్యవేడు ఇటొచ్చింది. కుప్పం ఒకప్పుడు కంగుంది జమీందారీ. మ్యాపులో చూస్తే జిల్లాకి తోకలాగా కిందికి దిగి, ఒకపక్క కర్ణాటకలోకి, ఇంకోపక్క తమిళనాడులోకి గుచ్చుకున్నట్టు ఉంటుంది. మద్రాసు - బెంగుళూరు రైలు ఆ ఊరి మీదుగానే పోతుంది. ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం, బస్సులో కన్నడం. ఒకే మనిషి ఒకే వాక్యంలో మూడూ వాడేస్తాడు, తను భాష మార్చానన్న స్పృహ కూడా ఉండదు. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని తెచ్చి అక్కడ పెట్టింది ఊరికే కాదు.

(చిన్న పిడకల వేట: సినిమావాళ్ళ లెక్కలో ఈ ఊళ్ళన్నీ "సీడెడ్". 1800లో నిజాం ఇంగ్లీషువాళ్ళకి ధారపోసిన జిల్లాలని ఆ పేరు. మదనపల్లె వరకు సరే గానీ, ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చిన కుప్పాన్ని కూడా అదే ఖాతాలో రాసేశారు. రెండొందల ఏళ్ళ నాటి వేరియబుల్ పేరుని ఎవరూ మార్చకుండా కోడ్‌లో అట్లాగే వాడుతున్నట్టు.)

ఇక సినిమా. కథ విశాఖపట్నంలో జరుగుతుంది. బాలు తమిళ బ్రాహ్మణుల అబ్బాయి, తెలుగు సరిగా రాదు. పక్కింటి స్వప్నకి తమిళం రాదు. రెండిళ్ళకీ పడదు. ఒక ఏడాది పాటు కలవకుండా, ఉత్తరం ముక్క లేకుండా ఉంటే అప్పుడు పెళ్ళి చేస్తామని పెద్దవాళ్ళు షరతు పెడతారు. బాలచందర్ తమిళ సంభాషణలని తెలుగు చెయ్యకుండా అట్లాగే వదిలేశాడు. తెలుగు మాటలు గణేష్ పాత్రో, పాటలు ఆత్రేయ, సంగీతం ఎమ్మెస్ విశ్వనాథన్.

అన్నిటికంటే విచిత్రం, బ్లాక్ అండ్ వైట్. అంతకు ముందు ఏడాదే "అడవిరాముడు" రంగుల్లో ఊరూరా ఊపేసింది. ఆ ఊపులో ఉన్న జనానికి రంగుల్లేని సినిమా, తెలుగులో అంతగా ముఖం తెలియని 23 ఏళ్ళ కమల్, అసలు ఎవరో తెలియని సరిత. పెట్టుబడి పెట్టినవాళ్ళ ధైర్యానికి దండం పెట్టాలి.

కుప్పంలో అప్పట్లో కిరాణా అంగడి ఉన్న మా తాత ఈ సినిమా పేరెత్తితే ఇప్పటికీ నవ్వుతాడు. "ఆ పిల్లోడికి తెలుగు రాదంట, ఆ పిల్లకి అరవం రాదంట. దానికి ఏడుపు. మా అంగట్లో ఒక వారం కూచోమను, రెండూ వస్తాయి" అని. కామెడీగా చెప్పినా ఇందులో పాయింట్ ఉంది. విశాఖలో తమిళం వింత. కుప్పంలో అది పక్క అంగడి భాష. కథకి ఆధారమైన అడ్డుగోడే వాళ్ళకి గోడలాగా కనపడలేదు. కాబట్టి సగం సినిమా వాళ్ళకి పట్టలేదు. మరి ఎందుకు చూశారు తాతా అంటే, "ఇండ్లల్లో పెద్దోళ్ళ పంతం ఉండాది చూడు, అది మాత్రం నిజం" అన్నాడు. భాష సాకు, అసలు సంగతి పరువు అని ఆయన లెక్క. నాకు తెలిసి ఈ సినిమా మీద ఇంతకన్నా మంచి విమర్శ నేనెక్కడా చదవలేదు.

మదనపల్లెలో మా పెద్దమ్మ. అప్పుడు ఆమెకి పదహారేళ్ళు. స్నేహితురాళ్ళతో కలిసి చూసిందట. బయటికొచ్చాక ఆ గుంపులోనే రెండు పార్టీలయ్యాయి. సగంమందికి సరిత నచ్చలేదు. హీరోయిన్ అంటే జయప్రద లాగా ఉండాల గానీ, ఇదేంది మన క్లాసులో పిల్ల మాదిరి ఉండాది అని. మిగతా సగంమందికి నచ్చింది కూడా సరిగ్గా అందుకే. మా పెద్దమ్మ రెండో పార్టీ. ఆమెది చామనఛాయ కూడా కాదు, నలుపే. తర్వాత నాలుగేళ్ళలో రెండు పెళ్ళిచూపులు రంగు దగ్గరే ఆగిపోయాయి. "ఆ పిల్లని చూస్తే నాకు ధైర్యంగా ఉండేది నాయనా" అని నాతో చెప్పినప్పుడు, మామూలుగా కూరలో ఉప్పు గురించి మాట్లాడే గొంతుతోనే చెప్పింది. నేనే ఇంకేం అడగలేకపోయాను.

నటనల విషయంలో నా అభిప్రాయం చెప్తాను, కమల్ అభిమానులు కోప్పడకండి. ఈ మధ్య మళ్ళీ చూశాను. కమల్ అద్భుతమే, ఆ ఒంట్లో ఉన్న కరెంటు ఇవాళ ఎవరికుంది? కానీ నేను నటిస్తున్నాను చూడండి అని మనకి తెలుస్తూనే ఉంటుంది. కొన్నిచోట్ల అమ్మాయి వెంటపడే తీరు ఇవాళైతే కేసు అవుతుంది. సరిత అట్లా కాదు. ఆమె కెమెరా ఉందని మర్చిపోయినట్టు ఉంటుంది. ఆ పెద్ద కళ్ళు, తిక్క, అలక, ఒక్కసారిగా పగలబడి నవ్వడం... మాటలు లేని చోట్ల బరువంతా ఆమే మోసింది. ఇద్దరికీ భాష కలవని కథలో ముఖమే సంభాషణ కావాలి గదా. లిఫ్టులో సినిమా పేర్లన్నీ గుచ్చి కట్టిన పాట ఉంది చూడండి, అక్కడ హడావుడంతా కమల్‌ది, మన చూపు మాత్రం ఆమె మీద ఉంటుంది.

పుంగనూరు పెదనాయనది మూడో వాదం. ఆయన కోపం ముగింపు మీద. షరతు గడువు పూర్తయి, ఇద్దరూ కలుసుకోబోయే వేళకి అమ్మాయి మీద అత్యాచారం, అబ్బాయి మీద గూండాల దాడి, చివరికి ఇద్దరూ పైనుంచి దూకేస్తారు. "నేను ఆ సినిమా మూడుసార్లు చూసినా, రెండోసారి మూడోసారి కడా వరకు ఉండలేదు, ముందే లేచొచ్చేసినా" అంటాడు. గడువు పాటించిన పిల్లల్ని చంపి మనకేం చెప్పదలుచుకున్నాడని ఆయన ప్రశ్న. మా తాతకేమో, చావకపోతే ఈ సినిమా ఎవరికీ గుర్తుండేది కాదని నమ్మకం. పండక్కి ఇద్దరూ ఒకచోట చేరితే ఇప్పటికీ ఇది తెగదు.

నేను పెదనాయన వైపే, వేరే కారణంతో. పెద్దవాళ్ళ పంతం అనే నిజమైన విలన్ని గంటల తరబడి కట్టుకుంటూ వచ్చి, చివర్లో చంపే పనిని మాత్రం ఎవరో చిల్లర దుర్మార్గులకి అప్పగించాడు. దాంతో ఇంట్లోవాళ్ళు తప్పించుకున్నారు. మా ఊళ్ళ వైపు, ఆ మాటకొస్తే ఎక్కడైనా, ఇట్లాంటి పిల్లల్ని ఏడిపించేది దారినపోయే గూండాలు కాదు, సొంతవాళ్ళే. పైగా ఆ అత్యాచారం కథకి ఒక మలుపు కింద వాడుకోవడం ఇవాళ అస్సలు మింగుడుపడదు. 1978లో మాత్రం మింగుడుపడాలా అంటే, అదీ కాదు.

తర్వాత జరిగిందే ఇంకా ఆసక్తికరం. 1981లో ఎల్.వి. ప్రసాద్ నిర్మాతగా, బాలచందరే దర్శకుడుగా హిందీలో "ఏక్ దూజే కేలియే" తీశారు. విశాఖ పోయి గోవా వచ్చింది. అబ్బాయి తమిళుడే, కమలే. వితంతువు సంధ్య పాత్రలో మాధవి, ఇక్కడా ఆమే అక్కడా ఆమే. మారిందల్లా స్వప్న. సరిత స్థానంలో తెల్లటి రతీ అగ్నిహోత్రి. హిందీ అమ్మాయి పాత్రకి హిందీ అమ్మాయి కావాలి గదా అనొచ్చు. ఒప్పుకుంటాను. కానీ మొత్తం టీములో ఉత్తరాదికి ఎగుమతి కాని సరుకు ఒక్క ఆ నల్లపిల్లేనా అని మా పెద్దమ్మ అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆ సినిమా కూడా పెద్ద హిట్టు, పాటకి బాలుకి జాతీయ అవార్డు.

2010 మార్చి 25న దిల్ రాజు బ్యానర్లో మళ్ళీ "మరో చరిత్ర" వచ్చింది. వరుణ్ సందేశ్, అనిత, దర్శకత్వం రవి యాదవ్. కథని అమెరికాకి పోర్ట్ చేశారు. రంగులు బాగున్నాయి, మిక్కీ జె. మేయర్ పాటలు బాగున్నాయి, కంపైల్ కూడా అయింది, రన్ మాత్రం కాలేదు. హీరో హీరోయిన్లని తిట్టినవాళ్ళు చాలామంది. కమల్‌తో పోలిక ఎవరికైనా కష్టమే, అది ఆ కుర్రాడి తప్పు కాదు. అసలు చిక్కు వేరే. ఫోను చేతిలో ఉన్న కాలంలో, అమెరికాలో పెరిగిన ఇద్దరు పిల్లలు పెద్దవాళ్ళ మాటకి ఏడాది పాటు మాట్లాడుకోకుండా ఎందుకుంటారు? పాత కథలో ఉత్తరం రాకపోవడం అనేది ఒక గోడ. మా తాతకి భాష గోడలాగా కనపడనట్టే, 2010 జనానికి దూరం గోడలాగా కనపడలేదు. ఒక్కొక్క చోట, ఒక్కొక్క కాలంలో ఏది అడ్డుగా ఉందో చూసుకోకుండా కథని ఎత్తుకెళ్తే ఇంతే.

సరిత తర్వాత తమిళంలో, తెలుగులో, మలయాళంలో, కన్నడంలో ఎన్నో సినిమాలు చేసింది. అంతకన్నా ఎక్కువగా మనం ఆమెని విన్నాం, తెలియకుండా. విజయశాంతికి, సౌందర్యకి ఎన్నో సినిమాల్లో గొంతు ఆమెదే. ఇదేం హీరోయిన్ అన్న సగంమంది కూడా తర్వాత ఇరవై ఏళ్ళు తెల్లటి హీరోయిన్ల నోట ఆమె గొంతు విని ఈలలు వేశారన్నమాట. ఈ సంగతి నేను చెప్తే పెద్దమ్మ ఏమీ ఆశ్చర్యపోలేదు. "నాకు ఎప్పుడో తెలుసు, కండ్లు మూసుకుంటే ఆ పిల్లే గదా" అంది. 2023లో "మహావీరుడు"లో శివకార్తికేయన్ తల్లిగా సరిత చాలాకాలానికి తెర మీదికొస్తే, మదనపల్లె నుంచి నాకు ఫోనొచ్చింది, ఏ యాప్‌లో ఉందో చెప్పమని.