ఫోన్‌లో పేజీ తెరుచుకోవడం లేదా? కారణం ఇదీ

స్కాలర్‌షిప్ ఫారం నింపుదామని ఫోన్‌లో లింక్ నొక్కుతాం. ‘ఈ పేజీ కంప్యూటర్‌లో మాత్రమే తెరుచుకుంటుంది’ అని వస్తుంది. ఇంట్లో ఉన్నది ఒక్క ఫోనే. చివరి తేదీ చూస్తే దగ్గర పడింది. ఇలా ఎందుకు జరుగుతుంది, అప్పుడు ఏం చేయొచ్చు?

సైట్‌కు ఎలా తెలుస్తుంది?

ఏ పేజీ తెరిచినా మన బ్రౌజర్ ముందుగా తన గురించి సైట్‌కు ఒక వాక్యం పంపుతుంది. దీన్ని ‘యూజర్ ఏజెంట్’ అంటారు. ఆండ్రాయిడ్ ఫోన్‌లోని క్రోమ్ అయితే అందులో ‘ఆండ్రాయిడ్’, ‘మొబైల్’ అనే మాటలుంటాయి. కంప్యూటర్ అయితే ‘విండోస్’ లాంటి పేరుంటుంది. సర్వర్ ఆ మాటలు చూసి పేజీ చూపిస్తుంది, లేదా వేరే పేజీకి పంపిస్తుంది, లేదా 403 అని చెప్పి ఆపేస్తుంది. కొన్ని సైట్లు తెర వెడల్పును బట్టి కొంత భాగాన్ని దాచేస్తాయి. అప్పుడు ఆ సమాచారం ఫోన్‌లోకి వచ్చే ఉంటుంది, కంటికి కనిపించదంతే.

ఇది పక్కా గుర్తింపేనా?

కాదు. అది బ్రౌజర్ తన గురించి తాను చెప్పుకునే మాట మాత్రమే. దాన్ని మార్చడం తేలిక. 2019లో వచ్చిన ఐప్యాడ్ ఓఎస్ 13 నుంచి చాలా ఐప్యాడ్‌లలో సఫారీ తనను మ్యాక్ కంప్యూటర్‌గానే చెప్పుకుంటోంది.

మనం ఏం చేయాలి?

ఆండ్రాయిడ్ క్రోమ్‌లో పైన మూడు చుక్కలు నొక్కి ‘డెస్క్‌టాప్ సైట్’ ఎంచుకోండి. ఐఫోన్ సఫారీలో అడ్రస్ పట్టీ దగ్గరున్న మెనూలో ‘రిక్వెస్ట్ డెస్క్‌టాప్ వెబ్‌సైట్’ ఉంటుంది. చాలాసార్లు దీంతోనే పేజీ తెరుచుకుంటుంది. ఆన్‌లైన్ పరీక్షల్లాంటి వాటికి కంప్యూటరే వాడాలని నిబంధన ఉంటే మాత్రం దాన్నే పాటించాలి. నెట్ సెంటర్‌కు వెళ్తే పని అయ్యాక లాగౌట్ చేయండి. డౌన్‌లోడ్ చేసిన ఆధార్, సర్టిఫికెట్ కాపీలు తీసేయించండి. ఓటీపీని మీరే టైప్ చేయండి.

సైట్ నడిపేవారికి ఒక మాట

మస్జిద్ కమిటీ, మదర్సా, సంఘం ఏదైనా సరే, ‘ఫోన్‌లో కనిపించదు కదా’ అనే ధీమాతో జకాత్ అందుకునే కుటుంబాల జాబితాను సైట్‌లో పెట్టకండి. పైన చెప్పిన ఒక్క నొక్కుతో ఎవరైనా దాన్ని చూడగలరు. సాయం తీసుకున్న ఇంటి పరువు బజారున పడుతుంది. అలాంటి జాబితాకు లాగిన్, పాస్‌వర్డ్ తప్పనిసరి. అది కూడా సర్వర్‌లోనే తనిఖీ జరగాలి. ఇక అందరూ నింపాల్సిన ఫారాలను ఏ తెర మీదైనా సరిపోయేలా తయారు చేయించండి. ఫోన్ తప్ప మరో దారి లేని పిల్లలకు అదే తలుపు.