ఏ ఊరి కోటా?

రాయ్‌పూర్‌లో డబ్ల్యూఆర్ఎస్ కాలనీ అనగానే చాలామందికి దసరా నాటి రావణ దహనం గుర్తొస్తుంది. రైల్వే వ్యాగన్ రిపేర్ షాపును ఆనుకుని వెలసిన క్వార్టర్లవి. రాయ్‌పూర్–విజయనగరం లైను 1931లో పూర్తయ్యాక బొబ్బిలి, పార్వతీపురం వైపు జనానికి ఈ ఊరు ఒక్క రైలు దూరమైంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచీ ఉత్తరాంధ్ర వాళ్లు రైలు పనుల్లో చేరి, ఇటే స్థిరపడిపోయారు. ఇక్కడి తెలుగిళ్లలో పన్నెండో తరగతి పిల్లలుంటే ఎంత ర్యాంకు వస్తుందన్న దిగులు కంటే ముందు ఇంకో దిగులుంటుంది. ఆ ర్యాంకు ఏ రాష్ట్రం లెక్కలోకి వస్తుంది?

ఈ ప్రశ్న వయసు యాభై ఏళ్లకు పైనే. ముల్కీ గొడవలు, జై ఆంధ్ర ఉద్యమం చల్లారాక 1973లో ఆరు సూత్రాల పథకం వచ్చింది. దాని వెంటే రాజ్యాంగంలో 371-డి అధికరణం, 1974లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చాయి. కాలేజీ సీట్లలో 85 శాతం స్థానికులకు. పరీక్ష పాసయ్యే నాటికి వరుసగా నాలుగేళ్లు ఆ ప్రాంతంలో చదివినవాళ్లే స్థానికులు. కౌన్సెలింగ్‌కు స్టడీ సర్టిఫికెట్ల కట్ట చంకన పెట్టుకెళ్లే ఆచారానికి మూలం ఇదే.

బయటివాళ్లకు మిగిలిన దారి ఆ 15 శాతమే. దానికీ షరతుంది. అభ్యర్థి గానీ, తల్లిదండ్రుల్లో ఒకరు గానీ రాష్ట్రంలో మొత్తం పదేళ్లు నివసించి ఉండాలి. రాష్ట్రం బయట ఉద్యోగం చేసిన కాలం ఆ లెక్కలో కలవదు. కాలనీ కథంతా ఈ ఒక్క వాక్యంలో ఇరుక్కుంది. బొబ్బిలిలో పుట్టి, ఇరవయ్యో ఏట రైలెక్కి వచ్చిన తండ్రి పదేళ్ల నివాసం చూపించగలడు. ఆయన కొడుకు క్వార్టర్లోనే పుట్టి, తండ్రి లాగే షాపులో పనికి కుదిరితే, అతని పిల్లలకు చూపించడానికి తాతగారి ఊరి పేరు తప్ప మరేం ఉండదు. ఉత్తర్వులో తాతల ప్రస్తావన లేదు మరి.

పరీక్షల సంగతి వేరు. మొదట్లో ఇంటర్ మార్కులు చూసి, ఎక్కడైనా ఇంటర్వ్యూ పెట్టి సీటిచ్చేవారు. ఖరగ్‌పూర్ ఐఐటీలో సైతం 1951లో మార్కులు, ఇంటర్వ్యూలతోనే చేర్చుకున్నారు. బోర్డుకో రకం మార్కులు పడుతుంటే పోల్చడం ఎలాగన్న చిక్కులోంచి ఎంట్రన్సు పుట్టింది. అప్పట్లో రాయ్‌పూర్ ఉన్న మధ్యప్రదేశ్ 1970లో మెడికల్‌కూ, 1981లో ఇంజినీరింగ్‌కూ బోర్డులు పెట్టి, 1982లో రెంటినీ కలిపింది. తర్వాత దేశమంతా తెలిసిన వ్యాపం అదే. ఇటు ఆంధ్రప్రదేశ్‌లో 1983 చట్టం క్యాపిటేషన్ ఫీజును నిషేధించి, ఉమ్మడి ప్రవేశ పరీక్షకు బాట వేసింది. ఎంసెట్ ఆ దశాబ్దపు బిడ్డ.

రాష్ట్రాలు ఇలా ఎవరి పరీక్ష వాళ్లు పెట్టుకుంటుంటే, ఊళ్లు మారే ఉద్యోగుల పిల్లల గతేమిటి? దీని జవాబుకు ఓ కొస ఈ కాలనీలోనే ఉంది. రాయ్‌పూర్ ఒకటో నంబరు కేంద్రీయ విద్యాలయం ఇక్కడిదే. కేంద్రీయ విద్యాలయాలు 1963లో మొదలయ్యాయి, బదిలీ ఉద్యోగుల పిల్లల చదువు చెడకూడదని. అంతకు ఏడాది ముందు సీబీఎస్ఈని పునర్వ్యవస్థీకరించినప్పుడు చెప్పిన కారణాల్లోనూ ఇదొకటి. వర్క్‌షాపు కార్మికులకు బదిలీలు తక్కువే అనుకోండి, బడి మాత్రం వాళ్లకూ దక్కింది. అదే సీబీఎస్ఈ 1988లో అఖిల భారత మెడికల్ ప్రవేశ పరీక్ష నడిపింది, 2002లో ఇంజినీరింగ్‌కు ఏఐఈఈఈ మొదలుపెట్టింది. మెడికల్ పరీక్షకు కారణం 1984 నాటి ప్రదీప్ జైన్ కేసు. సొంత రాష్ట్రంవాళ్లకే సీట్లన్నీ రాసివ్వడం చెల్లదని సుప్రీంకోర్టు అంది. కొంత వాటా దేశమంతటికీ తెరవాల్సి వచ్చింది, చివరికి అది 15 శాతం దగ్గర ఆగింది. 371-డి ఉన్న ఆంధ్రప్రదేశ్ మాత్రం ఈ ఏర్పాటుకు దూరంగా ఉండిపోయింది. రెండు తెలుగు రాష్ట్రాలూ అందులో కలిసింది 2018లో. అప్పటిదాకా రాయ్‌పూర్ తెలుగమ్మాయి జాతీయ ర్యాంకుతో దేశంలో చాలాచోట్ల చేరొచ్చు గానీ, ఆ ర్యాంకుతో విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలో మాత్రం కాదు.

ఇంజినీరింగ్‌లో తమాషా తిరగబడుతుంది. రాయ్‌పూర్‌లో 1956లో శంకుస్థాపన జరిగిన గనులు, లోహశాస్త్ర కళాశాల 2005 డిసెంబరులో ఎన్ఐటీ అయ్యింది. ఎన్ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రానికి. సొంత రాష్ట్రం ఏదంటే, పన్నెండు ఎక్కడ పాసైతే అది. తాత ఊరు, ఇంట్లో భాష, కులం సర్టిఫికెట్టు మీద ఊరి పేరు దీనికి అక్కర్లేదు. అలా వరంగల్ ఎన్ఐటీలో పరాయివాడైన కుర్రాడు ఇంటి పక్కన ఛత్తీస్‌గఢ్ కోటాలో దర్జాగా కూర్చుంటాడు. నాకైతే దేశంలో ఉన్న నిర్వచనాలన్నిటిలో ఇదే మర్యాదస్థురాలనిపిస్తుంది. ఎక్కడ చదువుకున్నావని అడుగుతుంది, ఎక్కణ్నుంచి వచ్చావని అడగదు.

మెడికల్‌లో రాష్ట్ర కోటాకు మాత్రం మూల్ నివాసీ (స్థానిక నివాస) పత్రం కావాలి. మూడో తరానికి అది పెద్ద కష్టం కాదు. మొదటి తరానికే తిప్పలట.

తెలుగులో రాసే వీలు ఈ మధ్య వచ్చింది. నీట్ ప్రశ్నపత్రం 2017 నుంచీ, జేఈఈ మెయిన్ 2021 నుంచీ తెలుగులోనూ ఇస్తున్నారు. తీరా నిబంధన చూస్తే, ఆ పత్రం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సెంటర్లలోనే. రాయ్‌పూర్‌లో కూర్చునే తెలుగు పిల్లలకు ఇంగ్లీషో హిందీయో. అదేమంత నష్టం కాదంటారు కాలనీ తల్లులు. ఇంట్లో తెలుగు మాట్లాడినా, బళ్లో హిందీ, సంస్కృతం చదివిన పిల్లలు ‘విద్యుదయస్కాంత ప్రేరణ’ని కూడబలుక్కుంటూ కూర్చుంటే మూడు గంటలు దానికే సరిపోతాయిట.