కల్లు లొట్టి – బీరు పీపా

ప్రత్యేక సంచికకు చరిత్ర మీద ఏదైనా రాయమని మన సంఘం వారు కోరారు. కోటల గురించి, గుళ్ల గురించి రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. ఆబ్కారీ శాఖలో పనిచేసి రిటైరైన నాకు తెలిసినవి లొట్టి, పీపా. అందుకే వాటి సంగతే రాస్తున్నాను. తాగుడును మెచ్చుకోవడానికి కాదని ముందే మనవి.

మా మరిపెడ ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది. 2016 అక్టోబరు వరకు వరంగల్ జిల్లా. మా వైపు చలికాలంలో ఈతకల్లు, ఎండలు ముదిరే వేళకు తాటికల్లు. చెట్టు నుంచి కారేటప్పుడు అది ఉత్త తీపి నీరే. లొట్టికి అంటుకుని ఉన్న పాత కల్లులోని ఈస్టు తగలగానే పులవడం మొదలవుతుంది. పొద్దున దింపింది తియ్యగా ఉంటుంది, సాయంత్రానికి ఘాటెక్కుతుంది, మర్నాటికి నోట పెట్టలేనంత పులుపు. లొట్టి లోపల సున్నం పూసి కడితే పులవదు. అదే నీరా. అంటే పాత్రలో ఏం వేశామన్నదాన్ని బట్టి ఆ చెట్టు నీరే పానకమో, మత్తో అవుతుంది. నిజాం సర్కారు 1316 ఫసలీలో, అంటే 1906–07 ప్రాంతంలో, ఆబ్కారీ చట్టం చేసింది. చెట్టుకు పన్ను కట్టించుకున్న సర్కారు కూడా కల్లును ఒక్క రోజు నిలవ చేయలేకపోయింది. కనుక ఏ ఊరి కల్లు ఆ ఊళ్లోనే చెల్లేది. గీసినవాడి ముఖం తాగేవాడికి తెలుసు.

బీరు కథ దీనికి తలకిందులు. 18వ శతాబ్దంలో లండన్ దగ్గర బో అనే చోట హాడ్జ్‌సన్ కుటుంబానికి బీరు బట్టీ ఉండేది. అక్కడి పీపాలు ఈస్టిండియా కంపెనీ ఓడలెక్కి, ఆఫ్రికా కొసను చుట్టి, భూమధ్యరేఖను రెండుసార్లు దాటి మన రేవులకు చేరేవి. నాలుగు నుంచి ఆరు నెలల ప్రయాణం. ఆ వేడికి పీపాలోని బీరు చెడాలి. చెడకుండా వాళ్లు చేసింది, హాప్స్ అనే తీగ పువ్వులను ఎక్కువగా వాడడం. కాచేటప్పుడు వేసిన హాప్స్ చేదునిస్తుంది, పులిపించే సూక్ష్మజీవులను అణచిపెడుతుంది. బిరడా బిగించే ముందు ఎండు హాప్స్‌ను పచ్చిగానే పీపాలో మరికొంత వేసేవారు. కాచనందువల్ల అందులోని తైలాలు ఆవిరైపోవు. వాసన బీరులోనే నిలుస్తుంది. 1806లో సికింద్రాబాద్ కంటోన్మెంటు వెలసింది. ఇలాంటి దండు ఊళ్లలో లేత రంగు బీరు దొరలది, నల్లని పోర్టర్ సిపాయిలది. తాగడంలోనూ హోదాలే!

ఆ పీపా పద్ధతి ఇప్పటికీ పోలేదు. అమెరికాలో 1978లో చట్టం మార్చి, ఇంటి వాడకానికి బీరు చేసుకోనిచ్చారు. అక్కడున్న మా మనవడు సెలవు రోజుల్లో చేస్తుంటాడు. పులవడం పూర్తయ్యాక 19 లీటర్ల స్టీలు కెగ్‌లోకి వంచి, గుడ్డ సంచిలో ముప్పై నలభై గ్రాముల హాప్స్ కట్టి వేలాడదీస్తాడు. గాలి తగిలితే వాసన పోతుందని కార్బన్ డయాక్సైడుతో గాలిని తరిమేస్తాడు. ఎక్కువ రోజులుంచితే గడ్డి వాసన వస్తుందట. ఇక్కడ ఆ సరదా కుదరదు. 1968 నాటి మన ఎక్సైజు చట్టం కింద లైసెన్సు లేకుండా ఒక్క కుండ కాచినా నేరమే.

ఇక అసలు చెప్పదలచింది. దూరం పోవడానికి ఇంగ్లీషువాడు పీపాలో వేసింది పువ్వు. మన కల్లు ఊరు దాటి పట్నం బాట పట్టాక లొట్టిలో పడ్డది వేరు. పట్నంలో ఉన్న గిరాకీకి చెట్ల కల్లు చాలదు. నీళ్లు, చక్కెర, శాకరిన్ కలిపి, మత్తుకు క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రజోలామ్ పోశారు. మొదటిది నిద్రమందు, తక్కిన రెండూ ఆందోళనకు డాక్టరు రాసే మాత్రలు. మోతాదు కొలిచేవాడు లేడు. జంటనగరాల్లో 2004లో మూతపడిన కల్లు దుకాణాలు 2014లో తిరిగి తెరుచుకున్నాయి. 2015 సెప్టెంబరులో కల్తీ మీద దాడులు పెరిగి మందు కలిపిన కల్లు దొరక్కపోయేసరికి నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు కూలీనాలీ జనం వణుకుతో, ఫిట్సుతో, పిచ్చిచూపులతో ఆసుపత్రులకు వరుస కట్టారు. తాము తాగుతున్నది కల్లేనని వాళ్ల నమ్మకం. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు.

శాఖలో ఉన్నవాడిగా నా అభిప్రాయం ఒకటి. గీత కార్మికుణ్ణి దొంగగా చూడడం తప్పు. తాడెక్కి, ప్రాణం మోకుకు కట్టుకుని దింపేవాడు మాత్రల వ్యాపారం చేయడు. చెట్టు ఎక్కనివాడే చేస్తాడు. చెట్టు కింద తాగే ఊళ్లలో కల్తీ చేయడం కష్టం, ఎందుకంటే ఎన్ని చెట్లకు ఎన్ని లొట్లు దిగాయో ఊరందరికీ లెక్క తెలుసు. 2023లో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో ప్రభుత్వం నీరా కేఫ్ తెరిచింది. అక్కడిదాకా నీరాను పులవకుండా తేవాలంటే, చెట్టు దిగిన దగ్గరి నుంచి గ్లాసులో పోసేదాకా చల్లగానే ఉంచాలి.