చివరి మడికి నీరు

కరీంనగరమునకు ఉత్తరమున నున్న చొప్పదండి పరిసరములలో చెరువు నిండుట యొక యెత్తు, నిండిన నీటిని పంచుట మఱియొక యెత్తు. చెరువులు కట్టించిన రాజులును, వారి సేనానులును శాసనములకెక్కిరి. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 13వ శతాబ్దమున రామప్ప గుడిని నిలిపిన వృత్తాంతము నేడు బడిపిల్లలకును దెలియును. కాని నిండిన చెరువునుండి ఏనాడు ఎంత నీరు వదలవలెనో, ఎవని మడికి ముందు, ఎవని మడికి వెనుక పాఱింపవలెనో యెఱిగి, ఆ ఎఱుకను స్వహస్తములతో అమలుపఱచిన నీరటివాని చరిత్రను వ్రాసినవారు మిక్కిలి అరుదు.

నీరటి వేకువనే పార భుజమున వేసికొని కట్టమీదికి పోవును. తూమువద్ద నీటిలో నిలిచిన రెండు రాతి స్తంభముల నడుమ నొక కఱ్ఱ, దాని కొనను రంధ్రమును మూయు బిరడా. కఱ్ఱను జానెడెత్తిన నింత, మూరెడెత్తిన నింత యని వానికి అనుభవమే లెక్క. అచ్చటినుండి కాలువ వెంట నడచుచు, వంతు తీఱిన మడవను గడ్డితోను మట్టితోను మూసి, వంతు వచ్చిన మడవను తెఱచి, తుదిమడి వఱకు సాగును. కోతలైన పిదప కళ్ళములో రైతులిచ్చు ధాన్యమే వాని భుక్తి గనుక, తుది రైతునకు పంట తప్పిననాడు వానికి రావలసిన గింజలును తగ్గును. ఆజ్ఞను నెఱవేర్చువాని లాభమును ఆ యాజ్ఞ ఫలమునకే ముడివేసిన యీ యేర్పాటును మొదట ఊహించినదెవరో కాని, సామాన్యులు మాత్రము కారు.

నిజాము రాజ్యమున వానకాలపు సాగు ఆబీ, వేసవి సాగు తాబీ. ఆబీలో పంపకము పెద్ద చిక్కు కాదు. తాబీ నాటికి చెరువు సగమే యున్నచో, ఉన్న నీటికి ఎంత విస్తీర్ణము సాగగునో ముందుగా నిశ్చయించి, ఒక్కొక్కని భూమి దామాషాను బట్టి కొంతభాగమునకు మాత్రమే నీరు నిర్దేశించెడివారు. దీనినే తైబందీ యందురు. నీరు అడుగంటిన పిమ్మట కలహించుటకు మాఱుగా, నాటు వేయకమున్నే హద్దు గీయుట యిందలి వివేకము. అయినను ఆ కాలమును స్వర్ణయుగముగా చిత్రించువారు, దొరవారి పొలమునకు వంతు తప్పినదెన్నడో కూడ చెప్పవలసియుండును.

1963 జూలై 26న జవహర్‌లాల్ నెహ్రూ పోచంపాడున శ్రీరామసాగర ప్రాజెక్టునకు శంకుస్థాపన చేసిన పిదప, దాని కాకతీయ కాలువతో ఈ సీమకు క్రొత్త చిక్కు వచ్చిపడెను. 284 కిలోమీటర్ల కాలువలో తల వద్ద షట్టరు ఎత్తిన నీరు చివరి ఆయకట్టునకు చేరుటకు దినములు పట్టును. నీరు చాలలేదని మొఱ వినగానే మఱికొంత యెత్తి, అది చేరకమున్నే మరల నెత్తినవాడు కడకు కాలువ గట్లను తెంపుకొనును. 2019 ఆగస్టులో చొప్పదండి పొరుగున, రామడుగు మండలపు లక్ష్మీపురమున, భూగర్భములోని గాయత్రీ పంపుహౌసులో ఒక్కొక్కటి 139 మెగావాట్ల మోటార్లు తిరుగ నారంభించినవి. అవి యేడు, అన్నియు నొక్కసారి గాక, వచ్చు నీటిని బట్టి ఒకదాని వెంట నొకటి నడుపదగినవి.

చొప్పదండి నవోదయ విద్యాలయము వంటి బడులనుండి హైదరాబాదు చేరిన యువతరమునకు నేడు కంప్యూటరు కార్యాలయములలో ఎదురగు సమస్య కూడ ఈ జాతిదే. 2022 నవంబరులో అమెజాన్ సంస్థ హైదరాబాదున తన క్లౌడ్ రీజియనును, అనగా సర్వర్లను అద్దెకిచ్చు కేంద్రముల సముదాయమును, తెఱచెను. పరీక్షాఫలితములు వెలువడిన గంటలో వాని సైటుపై లక్షలమంది పడుదురు, మఱునాడు ఎవరును రారు. అందుచే సర్వర్లను పెంచుటయు తగ్గించుటయు నిత్యకృత్యము. ఈ పనిని యంత్రమునకు అప్పగించు ఆటో స్కేలింగును అమెజాన్ 2009లో ప్రవేశపెట్టెను. ప్రాసెసరుపై భారము ఇంత మించినచో ఒక సర్వరును చేర్చుము, ఇంతకు తగ్గినచో తీసివేయుము అనునంతటి సూటి సూత్రమది. చేర్చిన సర్వరు సిద్ధమగుటకు కొంత వ్యవధి పట్టును గనుక, ఒక చర్యకును మఱుచర్యకును నడుమ 300 సెకనుల విరామమును నియమించిరి. 2014లో గూగుల్ వెలువరించిన, ఇట్టి పనికే వాడు కుబర్నెటీసు అను సాఫ్టువేరు పెంచుటలో జాప్యము చేయదు; తగ్గించుటకు మాత్రము, వేఱుగా చెప్పనంతవఱకు, ఐదు నిమిషములు వేచి చూచును.

తగ్గింపునందే ప్రమాదమెక్కువ యనుటకు 2017 ఫిబ్రవరి 28 నాటి ఘటన నిదర్శనము. కొలది సర్వర్లను తొలగింపబూనిన అమెజాన్ ఉద్యోగి ఆదేశములో నొక అంశమును తప్పుగా టైపు చేయగా, ఉద్దేశించినదానికంటె ఎక్కువ సర్వర్లు తొలగి, ఎస్3 అను డేటా నిల్వ సేవ కొన్ని గంటలు స్తంభించెను. దానిపై నాధారపడిన అసంఖ్యాకమైన వెబ్‌సైట్లును కుంటుపడెను. ఆ పిదప సంస్థ తన పరికరమును మార్చి, తొలగింపు మెల్లగా జరుగునట్లును, కనీస పరిమితికి దిగువకు పోకుండునట్లును చేసెను. తైబందీ యొనర్చిన పనియు నిట్టి హద్దు గీయుటయే.

ఇటీవల ఈ సూత్రముల స్థానమున, పనిని తమంత తామే ఆలోచించి చేయు ఏఐ ఏజెంటులు వచ్చి చేరుచున్నవి. వానికి సూత్రము గాక, మనుష్యునకు చెప్పినట్లు మాటలతో వ్రాసిన సూచనలనిత్తురు. ఆ సూచనలు మంచివా కావా యని తేల్చుట యెట్లు? ఒకే పనిని సూచనలతో కొన్ని మాఱులు, అవి లేకుండ కొన్ని మాఱులు చేయించి పోల్చవలెను. ఒక్కసారి నెగ్గుట లెక్కకు రాదు, ఏలయన అదే ఏజెంటు అదే ప్రశ్నకు రేపు వేఱొక దారి పట్టవచ్చును. పని ముగించితినని అది చెప్పిన మాటను గాక, నిజముగా ఎన్ని సర్వర్లు నిలిచినవో, ఎంత వ్యయమైనదో చూడవలెను. సగటు వేగము చూచి తృప్తిపడుట, తూము క్రింది పొలము చూచి చెరువు చక్కగా పాఱినదనుట వంటిది. అన్నిటికంటె ఆలస్యముగా జవాబు పొందిన వినియోగదారుని కాలమే అసలు కొలత.

నా దృష్టిలో మఱింత కఠినమైన పరీక్ష వేఱొకటి యున్నది. డేటాబేసు మొరాయించుటచే సైటు నెమ్మదించినపుడు, సర్వర్లను పెంచినకొలది దానిపై కనెక్షన్లు పెరిగి, వ్యాధి ముదురును. కాలువకు గండిపడిన దినమున నీరటి తూమును మఱింత యెత్తడు. ముందు గండి జాడ తీయును. కావున పరీక్షలలో కొన్నియైనను ఏమియు పెంచకుండుటయే సరియైన జవాబుగా నుండవలెను. పెంచుటకు తొందరపడి యచ్చట తప్పిన ఏజెంటునకు ఇచ్చిన సూచనలను, తక్కిన పరీక్షలలో ఎన్ని మార్కులు తెచ్చినను, తిరిగి వ్రాయవలసినదే.